హైపర్‌వైజర్ వెర్షన్ మారాక వేగం నిజంగా మారిందా? పోలికను తేల్చే పద్ధతి

ఒకే సర్వర్ మీద పలు వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపించే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. అది నడిచే యంత్రం హోస్ట్, లోపల నడిచే వీఎం గెస్ట్. వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ 6.7 నుంచి 8.0కి, లినక్స్‌లోని కేవీఎం మీద ఆధారపడ్డ ప్రాక్స్‌మాక్స్ 7 నుంచి 8కి, విండోస్ సర్వర్ 2016లోని హైపర్-వీ నుంచి 2022కి మారిన చోటల్లా వారం తిరక్కుండా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొత్తది పెట్టాక అంతా నెమ్మదించిందని కొందరు, మునుపటికన్నా జోరుగా నడుస్తోందని కొందరు. ఇద్దరి చేతుల్లోనూ అంకెలుంటాయి. ఆ అంకెలు అబద్ధం కావు గానీ, చాలాసార్లు అవి చెబుతున్నది హైపర్‌వైజర్ సంగతి కాదు. అప్‌గ్రేడ్ అనే ఒక్క పేరు మీద ఒకేసారి అరడజను విషయాలు మారిపోతాయి: హైపర్‌వైజర్ కోడ్, దాని డిఫాల్ట్ సెట్టింగులు, నెట్‌వర్క్, స్టోరేజీ డ్రైవర్లు, వర్చువల్ మెషీన్‌కు కనబడే హార్డ్‌వేర్, భద్రతా ప్యాచ్‌లు, పవర్ పాలసీ. వీటిలో ఏది మారి అంకె మారిందో తేల్చకుండా వెర్షన్‌కు మంచిపేరో చెడ్డపేరో కట్టబెడితే, దాని మీద ఆధారపడి కొనే సర్వర్లూ, వేసే ప్రణాళికలూ తప్పుతాయి.

తేడా ఎక్కడ పుడుతుంది

ప్రాసెసర్లలోనే వర్చువలైజేషన్‌కు తోడ్పడే ఇంటెల్ వీటీ-ఎక్స్, ఏఎండీ-వీ వచ్చినప్పటి నుంచి వీఎంలో నడిచే మామూలు లెక్కల కోడ్ హైపర్‌వైజర్ గుండా పోదు. నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. డిస్కుకో నెట్‌వర్క్‌కో పని అప్పగించినప్పుడు, టైమర్ పెట్టినప్పుడు, వీసీపీయూ (వీఎంకు కనబడే ప్రాసెసర్) పని లేక ఆగినప్పుడు, ఇంకా కేటాయించని మెమరీ పేజీని తాకినప్పుడు అదుపు హైపర్‌వైజర్ చేతికి వెళ్తుంది. దీన్నే వీఎం ఎగ్జిట్ అంటారు. వెర్షన్ల మధ్య నిజమైన తేడా ఎక్కువగా మూడు చోట్ల ఉంటుంది: ఎగ్జిట్లు ఎన్ని జరుగుతున్నాయి, ఒక్కోదానికి ఎంతసేపు పడుతోంది, ఖాళీ కోర్ కోసం వీసీపీయూ ఎంతసేపు ఎదురు చూస్తోంది.

అందుకే సర్వర్ మీద ఒకే ఒక్క వీఎం పెట్టి, అందులో సిస్‌బెంచ్ అనే పరీక్ష సాధనంతో ప్రధాన సంఖ్యలు లెక్కపెట్టించి రెండు వెర్షన్లను పోల్చడం వల్ల తేలేది ఏమీ లేదు. ఎగ్జిట్లు దాదాపు లేని పని అది. ఏ వెర్షన్ అయినా అంకె ఇంచుమించు ఒకటే వస్తుంది. ఆ పరీక్షలో 8, 10 శాతం తేడా కనబడితే ముందు అనుమానించాల్సింది హైపర్‌వైజర్‌ను కాదు, పవర్ సెట్టింగును. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఈఎస్‌ఎక్స్‌ఐ పవర్ పాలసీ బ్యాలెన్స్‌డ్‌లో ఉంటుంది. పాత హోస్ట్‌లో ఎప్పుడో ఎవరో దాన్ని హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి ఉంటే, జరుగుతున్న పోలిక రెండు వెర్షన్లది కాదు, రెండు క్లాక్ స్పీడులది. లినక్స్ హోస్ట్‌లలో క్లాక్ స్పీడును నిర్ణయించే సీపీయూ గవర్నర్‌దీ ఇదే కథ. బయోస్‌లో పవర్ నియంత్రణ ఎవరి చేతిలో ఉందో, ఆపరేటింగ్ సిస్టమ్‌దా ఫర్మ్‌వేర్‌దా అన్నది, రెండు వైపులా రాసిపెట్టుకోవాలి.

మెమరీ విషయంలో తేడా ఇంకాస్త లోతుగా ఉంటుంది. మామూలు సర్వర్‌లో టీఎల్‌బీలో (ఈమధ్య వాడిన మెమరీ చిరునామాలను ప్రాసెసర్ దాచుకునే చిన్న కాష్‌లో) లేని చిరునామాను వెతకడానికి నాలుగు అంచెల పేజీ టేబుల్‌లో 4 సార్లు మెమరీని చదివితే సరిపోతుంది. వీఎంలో అయితే గెస్ట్ పేజీ టేబుల్‌లోని ఒక్కో అంచెనూ మళ్లీ హోస్ట్ పేజీ టేబుల్ ద్వారా వెతకాలి కాబట్టి ఆ లెక్క 24 దాకా పోతుంది. హోస్ట్ వైపు 4 కేబీ బదులు 2 ఎంబీ పెద్ద పేజీలు వాడితే ఈ భారం బాగా తగ్గుతుంది. పెద్ద మెమరీ మీద అటూ ఇటూ దూకే డేటాబేస్ అప్‌గ్రేడ్ తర్వాత నెమ్మదించిందంటే హ్యూజ్ పేజీల కేటాయింపు పాతలాగే ఉందో లేదో ముందు చూడాలి. బూట్ లైన్‌లో రాసిన హ్యూజ్ పేజీల సంఖ్య కొత్త ఇన్‌స్టాలేషన్‌కు దానంతటది రాదు.

డిఫాల్ట్‌లు మారినప్పుడు

తప్పుడు తీర్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తాయి కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూడటం అవసరం. ప్రాక్స్‌మాక్స్ 7లో వీఎం తయారుచేస్తే సీపీయూ రకం డిఫాల్ట్‌గా కేవీఎం64 వచ్చేది. ఏ ప్రాసెసర్ మీదికైనా వీఎంను తరలించడానికి వీలుగా పెట్టిన అతి పాత నమూనా అది. అందులో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఇన్‌స్ట్రక్షన్లు ఉండవు. 2023 జూన్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి వెబ్ తెర మీద కొత్తగా సృష్టించే వీఎంకు ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ డిఫాల్ట్ అయింది. ఇప్పుడు 7 మీద ఒక వీఎం, 8 మీద కొత్తగా ఇంకో వీఎం చేసి ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ స్పీడ్ టెస్ట్‌లో ఏఈఎస్-256 నడిపితే కొత్తది కొన్ని రెట్లు ముందుంటుంది. హెచ్‌టీటీపీఎస్ సర్వర్, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు, వీపీఎన్ గేట్‌వే, అన్నింటిలోనూ ఆ ప్రభావం కనబడుతుంది. కానీ పాత సర్వర్ మీదే సీపీయూ రకాన్ని హోస్ట్‌కు మార్చి, వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ లేపితే అదే వేగం అక్కడా వస్తుంది. 7 నుంచి 8కి అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు పాత వీఎంలలో ఈ లాభం ఏమీ రాదు, ఎందుకంటే పాత వీఎం ఫైలులో పాత రకమే కొనసాగుతుంది.

అదే ప్రాక్స్‌మాక్స్‌లో దీనికి సరిగ్గా ఎదురుగా నడిచే మార్పు ఇంకొకటి ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద డిస్కులు పెట్టినచోట, చదివిన డేటాను ఏఆర్‌సీ అనే కాష్ ర్యామ్‌లో దాచుకుంటుంది. మునుపటి ఇన్‌స్టాలేషన్లలో దాని పరిమితి మొత్తం ర్యామ్‌లో సగం. 8.1 నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో దాన్ని 10 శాతానికి, అదీ 16 జీబీ మించకుండా, కుదించారు. 128 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో లెక్క వేసి చూస్తే పాతదానిలో 64 జీబీ కాష్, కొత్తదానిలో 13 జీబీ లోపు. 40 జీబీ ఫైలు మీద ర్యాండమ్ రీడ్ పరీక్ష పెడితే పాత సర్వర్ దాదాపు అంతా ర్యామ్ నుంచే ఇస్తుంది, కొత్తది డిస్కు నుంచి తేవాల్సి వస్తుంది. ఐఓపీఎస్ (సెకనుకు జరిగే చదువు, రాత పనుల సంఖ్య) ఘోరంగా పడిపోయినట్టు కనబడుతుంది. ఏఆర్‌సీ గరిష్ఠ పరిమితిని రెండింట్లో ఒకే విలువకు పెట్టి మళ్లీ నడిపితే ఆ తేడా పోతుంది. పరిమితిని కుదించిన కారణం కూడా సమంజసమే: ర్యామ్ వీఎంల కోసం మిగలాలి. ఒకే అప్‌గ్రేడ్‌కు ఒక బృందం జేజేలు పలికి, మరో బృందం తిట్టిపోయడానికి ఈ రెండు డిఫాల్ట్‌లు చాలు.

కేవీఎంతో కలిసి వీఎంలకు డిస్కు, నెట్‌వర్క్ పరికరాలను కల్పించే క్యూఈఎంయూలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. క్యూకౌ2 డిస్కు ఫైలులో ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే ఎల్2 పట్టికలను కొంతమేర మెమరీలో ఉంచుతారు. ఒక్కో ఎంట్రీకి 8 బైట్లు, అది సూచించే క్లస్టర్ 64 కేబీ. అంటే 1 ఎంబీ కాష్ 8 జీబీ డిస్కుకు సరిపోతుంది. క్యూఈఎంయూ 3.1కు ముందు డిఫాల్ట్ ఆ 1 ఎంబీయే. 3.1లో లినక్స్ మీద దాన్ని 32 ఎంబీ దాకా పెంచారు, అది 256 జీబీ డిస్కును పూర్తిగా కవర్ చేస్తుంది. 200 జీబీ క్యూకౌ2 డిస్కు మీద ర్యాండమ్ రీడ్ పాత వెర్షన్‌లో నీరసంగా ఉండి, కొత్తదానిలో ఒక్కసారిగా పుంజుకుంటే కారణం ఇదే కావచ్చు. పరీక్ష ఫైలు 4 జీబీ మాత్రమే అయితే అదే జంట వెర్షన్ల మధ్య ఏ తేడా కనబడదు. రెండు ఫలితాలూ నిజమే, కానీ పెద్ద డిస్కులతో నడిచే సర్వర్‌కు పనికొచ్చేది మొదటిది.

క్యూఈఎంయూ 5.2లో వర్టియో బ్లాక్, వర్టియో స్కజీ అనే వర్చువల్ డిస్కు పరికరాలకు క్యూల సంఖ్య డిఫాల్ట్‌గా వీసీపీయూల సంఖ్యకు సమానమైంది. అంతకుముందు ఒకటే డేటా క్యూ. 8 వీసీపీయూల వీఎంలో ఎన్‌వీఎంఈ డిస్కు మీద ఇది బాగా కలిసొస్తుంది. అయితే ఈ డిఫాల్ట్ మెషీన్ టైప్‌ను (వీఎంకు ఏ వెర్షన్ నాటి హార్డ్‌వేర్ చూపించాలో చెప్పే సెట్టింగును) బట్టి వర్తిస్తుంది. క్యూఈఎంయూ 8 మీద నడుస్తున్నా, వీఎం నిర్వచనంలో మెషీన్ టైప్ 5.1 అని ఉంటే క్యూ ఒకటే ఉంటుంది. ప్యాకేజీ వెర్షన్ చూసి "మల్టీక్యూ వచ్చేసింది" అనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. గెస్ట్ లోపల సిస్ ఫైల్ సిస్టమ్‌లో ఆ డిస్కు తాలూకు ఎంక్యూ డైరెక్టరీ తెరిచి, ఎన్ని క్యూలున్నాయో లెక్కపెట్టి నిర్ధారించుకోవచ్చు.

భద్రతా ప్యాచ్‌ల లెక్క

2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్, అదే ఏడాది ఆగస్టులో ఎల్1టీఎఫ్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటపడ్డాక వెర్షన్ల పోలిక ఎప్పటికీ మునుపటిలా లేదు. ఎల్1టీఎఫ్ తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది: ఒకే కోర్‌లోని రెండు హైపర్‌థ్రెడ్లు ఎల్1 కాష్‌ను పంచుకుంటాయి కాబట్టి వాటి మీద వేర్వేరు వీఎంలు నడిస్తే ఒకదాని డేటా మరొకదానికి లీకయ్యే అవకాశం ఉంది. వీఎంవేర్ దీనికి మొదట ఇచ్చిన సైడ్ ఛానెల్ షెడ్యూలర్ (ఏ వీసీపీయూకు ఏ కోర్ ఎప్పుడివ్వాలో తేల్చే భాగం) కోర్‌కు ఒక థ్రెడ్‌నే వాడేది, రెండోది ఖాళీ. 2019 ఏప్రిల్‌లో 6.7 అప్‌డేట్ 2తో వచ్చిన రెండో రకం, ఒకే వీఎంకు చెందిన వీసీపీయూలు కోర్‌ను పంచుకోవడానికి ఒప్పుకుంటుంది. కాబట్టి నిండుగా వీఎంలున్న హోస్ట్ మీద 6.7 తొలి ప్యాచ్‌కూ, 6.7 అప్‌డేట్ 2కూ సామర్థ్యంలో తేడా ఉండొచ్చు. వెర్షన్ అంకె మాత్రం రెండింటికీ 6.7. ఏ షెడ్యూలర్ ఆన్‌లో ఉందో చెప్పకుండా ఇచ్చిన ఈఎస్‌ఎక్స్‌ఐ అంకెను పక్కన పెట్టేయాలి.

హైపర్-వీలో ఈ మార్పు ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. విండోస్ సర్వర్ 2016లో డిఫాల్ట్ క్లాసిక్ షెడ్యూలర్, 2019 నుంచి కోర్ షెడ్యూలర్. కోర్ షెడ్యూలర్ ఒక కోర్‌లోని రెండు థ్రెడ్లనూ ఎప్పుడూ ఒకే వీఎంకు ఇస్తుంది. వీఎంకు ఎస్‌ఎంటీ (ఒక కోర్‌లో రెండు థ్రెడ్లు కనబడే సదుపాయం) ఆన్ చేసి ఉంటే ఇబ్బంది లేదు. 2016లో తయారైన వీఎంలకు అది ఆన్‌లో ఉండదు. అలాంటి వీఎంలోని ఒక్కో వీసీపీయూ ఒక పూర్తి కోర్‌ను పట్టుకుని కూర్చుంటుంది, పక్క థ్రెడ్ వృథా. 2016 నుంచి 2019కో 2022కో తెచ్చాక "వీఎంలు మునుపటంత పట్టడం లేదు" అన్న ఫిర్యాదు వస్తే మొట్టమొదట చూడాల్సింది పవర్‌షెల్‌లో గెట్-వీఎంప్రాసెసర్ చూపించే కోర్‌కు థ్రెడ్ల సంఖ్య. వీఎంను ఆపి దాన్ని 2కు మార్చి మళ్లీ కొలవాలి.

ఇక గెస్ట్ కెర్నల్ కూడా మారి ఉంటే చిక్కు రెట్టింపవుతుంది. 2022 సెప్టెంబరులో వీఎంవేర్ పనితీరు ఇంజినీర్లు లినక్స్ డెవలపర్ల ముందు ఒక ఫలితం పెట్టారు: ఈఎస్‌ఎక్స్‌ఐ మీద, ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్‌తో, గెస్ట్‌గా లినక్స్ 5.18 బదులు 5.19 పెడితే లెక్కల పనుల్లో పనితీరు 70 శాతం దాకా పడిపోయింది. కారణం రెట్‌బ్లీడ్ లోపానికి 5.19లో చేర్చిన రక్షణ. హైపర్‌వైజర్‌లో ఒక్క అక్షరం మారలేదు. అదే వారంలో హైపర్‌వైజర్ కూడా అప్‌గ్రేడ్ అయి ఉంటే నింద ఎవరి మీద పడేదో ఊహించడం కష్టం కాదు. గెస్ట్ కెర్నల్‌ను, గెస్ట్ డ్రైవర్లను, వీఎంవేర్ టూల్స్ లేదా వర్టియో డ్రైవర్ల వెర్షన్‌ను పోలిక ముగిసేదాకా కదపకూడదు. రక్షణలు ఏవి ఆన్‌లో ఉన్నాయో లినక్స్ గెస్ట్, హోస్ట్ రెండింట్లోనూ సిస్ ఫైల్ సిస్టమ్‌లోని వల్నరబిలిటీస్ డైరెక్టరీ వరసగా చెబుతుంది. దాన్ని ప్రతి రన్‌తోపాటు దాచిపెట్టాలి. అంకె పెంచడానికి రక్షణలు తీసేసి కొలవడం మాత్రం తప్పు. ఆ స్థితిలో ఏ సర్వర్‌నూ నిజంగా నడపరు.

వీఎంకు కనబడే హార్డ్‌వేర్

ఈఎస్‌ఎక్స్‌ఐ 6.5 వర్చువల్ హార్డ్‌వేర్ 13, 6.7ది 14, 7.0ది 17, 8.0ది 20. హోస్ట్ 8.0 అయినా వీఎం 13లోనే ఉండిపోవచ్చు, ఉండిపోతుంది కూడా. కాబట్టి అప్‌గ్రేడ్‌ను రెండు మెట్లుగా కొలవడమే సరైన పద్ధతి: ముందు హోస్ట్ మార్చి వీఎంను పాత హార్డ్‌వేర్‌తోనే కొలవాలి, తర్వాత హార్డ్‌వేర్ పెంచి మళ్లీ కొలవాలి. ఏ మెట్టు దగ్గర అంకె కదిలిందో అప్పుడు కచ్చితంగా తెలుస్తుంది.

న్యూమా, అంటే ఒక్కో సాకెట్‌కు దగ్గరి మెమరీ, దూరపు మెమరీ అని వేరుగా ఉండే అమరిక, ఇక్కడే దెబ్బతీస్తుంది. 6.5కు ముందు సాకెట్‌కు ఎన్ని కోర్లని వీఎం సెట్టింగులో రాస్తే గెస్ట్‌కు కనబడే న్యూమా రూపం కూడా దాన్ని బట్టే మారేది. 6.5 నుంచి ఆ రెండింటినీ విడదీశారు. 8.0లో హార్డ్‌వేర్ 20 వీఎంలకు సాకెట్‌కు కోర్ల సంఖ్యను హైపర్‌వైజరే ఎంచుకునే సదుపాయం వచ్చింది. సాకెట్‌కు 16 కోర్ల చొప్పున రెండు సాకెట్లున్న సర్వర్ మీద 20 వీసీపీయూల డేటాబేస్ వీఎం ఉందనుకుంటే, అది రెండు నోడ్లుగా కనబడిందా ఒకటిగానా అన్నదాన్ని బట్టి మెమరీ దూరం మారుతుంది. గెస్ట్‌లో న్యూమాసీటీఎల్ హార్డ్‌వేర్ ఆదేశం ఇచ్చి ముందూ తర్వాతా పోల్చి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం.

గడియారం కూడా చూడాలి. గెస్ట్ లినక్స్ సాధారణంగా టీఎస్‌సీ (ప్రాసెసర్‌లోనే ఉండే కాల గణకం) లేదా కేవీఎం-క్లాక్ నుంచి సమయం చదువుతుంది, ఎగ్జిట్ అక్కర్లేదు. టీఎస్‌సీ నిలకడగా లేదని కెర్నల్ అనుకుంటే హెచ్‌పీఈటీకో ఏసీపీఐ టైమర్‌కో దిగిపోతుంది. అప్పుడు సమయం అడిగిన ప్రతిసారీ ఎగ్జిట్. ప్రతి లావాదేవీకి పలుమార్లు టైమ్‌స్టాంప్ తీసుకునే డేటాబేస్, లాగింగ్ ఎక్కువున్న అప్లికేషన్ దీంతో కుదేలవుతాయి. కరెంట్ క్లాక్‌సోర్స్ ఫైలులో ఏముందో రెండు వైపులా చూసుకోవాలి.

పరీక్ష పెట్టే తీరు

అన్నిటికన్నా మంచి ఏర్పాటు ఒకే సర్వర్, రెండు బూట్ డిస్కులు. ఒకదాని మీద పాత వెర్షన్, రెండోదాని మీద కొత్తది. ఒకే మోడల్ అని తెచ్చిన రెండు సర్వర్లలో కూడా ర్యామ్ అమర్చిన ఛానెళ్లు, నెట్‌వర్క్ కార్డు ఫర్మ్‌వేర్, ఎస్‌ఎస్‌డీ అరుగుదల వేరుగా ఉంటాయి. రెండు సర్వర్లు తప్పనిసరైతే మొదట రెండింటి మీదా పాత వెర్షనే పెట్టి కొలవాలి. అప్పుడు వచ్చే తేడా యంత్రాలది. దాన్ని లెక్కలోంచి తీసేయకుండా ముందుకు పోకూడదు. బయోస్, మైక్రోకోడ్, స్టోరేజీ కంట్రోలర్ ఫర్మ్‌వేర్ ఏ వెర్షన్లో రాసి, పరీక్ష ముగిసేదాకా వాటిని తాకకూడదు. మైక్రోకోడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీ ద్వారా కూడా వస్తుందని మర్చిపోవద్దు.

స్టోరేజీని కొలవడానికి ఎఫ్‌ఐఓ అనే సాధనం సరిపోతుంది. డైరెక్ట్ 1 (గెస్ట్ కాష్‌ను వాడకుండా), బ్లాక్ సైజు డేటాబేస్‌ల కోసం 8 కేబీ, క్యూ లోతు (ఒకేసారి పంపి ఉంచే అభ్యర్థనల సంఖ్య) 1తో ఒకసారి, 32తో ఒకసారి, 4 జాబ్‌లు, 60 సెకన్ల ర్యాంప్ టైమ్, ఆ తర్వాత కనీసం 300 సెకన్ల కొలత. క్యూ లోతు 1 ఫలితాన్ని చాలామంది వదిలేస్తారు గానీ హైపర్‌వైజర్ దారి పొడవు నిజంగా బయటపడేది అక్కడే, ఎందుకంటే ఒక అభ్యర్థన వెళ్లి వచ్చేదాకా ఇంకొకటి ఉండదు. లోతు 32లో డిస్కు గరిష్ఠ పరిమితి ముందు అడ్డొచ్చి, మధ్యలోని తేడాను కప్పేస్తుంది. గెస్ట్‌లో డైరెక్ట్ 1 పెట్టినంత మాత్రాన హోస్ట్ కాష్ తప్పుకోదు. వీఎం డిస్కు కాష్ మోడ్ రైట్‌బ్యాక్ అయితే హోస్ట్ పేజీ కాష్ మధ్యలో ఉంటుంది. అందుకే పరీక్ష ఫైలు హోస్ట్ ర్యామ్‌కన్నా పెద్దదిగా ఉండాలి.

థిన్ డిస్కు మీద తొలిసారి రాత ఎప్పుడూ నెమ్మదే, ఎందుకంటే స్థలం అప్పుడే కేటాయించి శుభ్రం చేయాలి. పరీక్షకు ముందు డిస్కు మొత్తాన్ని ఒకసారి రాసి నింపాలి. ఎస్‌ఎస్‌డీకి మొత్తం సామర్థ్యానికి రెండింతలు వరసగా రాసి, తర్వాత ర్యాండమ్ రాత అంకె నిలకడకు వచ్చేదాకా నడిపి, అప్పుడు కొలత మొదలుపెట్టాలి. కొత్త వెర్షన్ కోసం ఫార్మాట్ చేసిన ఖాళీ ఎస్‌ఎస్‌డీని, ఏడాదిగా నిండి ఉన్న పాతదానితో పోలిస్తే కొత్త వెర్షన్ ఎప్పుడూ గెలుస్తుంది.

నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 వాడినప్పుడు 10 గిగాబిట్ లింకు మీద, 1500 బైట్ల ఎంటీయూతో (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణంతో), ఏ వెర్షన్ అయినా 9.4 గిగాబిట్ల దగ్గర ఆగుతుంది. లింకు నిండిపోయింది కాబట్టి తేడా కనబడదు. చూడాల్సింది ఆ వేగానికి హోస్ట్ ఎంత సీపీయూ ఖర్చు పెట్టిందన్నది. చిన్న ప్యాకెట్లతో సెకనుకు ఎన్ని ప్యాకెట్లు పోయాయన్నది కూడా చూడాలి. 64 బైట్ల ఫ్రేములతో 10 గిగాబిట్ లింకు సైద్ధాంతికంగా సెకనుకు 1.488 కోట్ల ఫ్రేములు మోయగలదు. వర్చువల్ స్విచ్‌లు చాలా ముందే అలసిపోతాయి, వెర్షన్ల తేడా అక్కడ తేటగా కనబడుతుంది. ఐపెర్ఫ్3 వెర్షన్ కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి: 3.16కు ముందు అది ఎన్ని స్ట్రీములు పెట్టినా ఒకే థ్రెడ్‌లో నడిచేది, 3.16 నుంచి స్ట్రీముకో థ్రెడ్.

నిండుగా ఉన్నప్పుడు కొలవాలి

ఖాళీ హోస్ట్ మీద గెలిచిన వెర్షన్ నిండిన హోస్ట్ మీద ఓడిపోవచ్చు. వర్చువలైజేషన్ పెట్టుకునేదే ఒక సర్వర్ మీద ఎక్కువ వీఎంలు నడపడానికి కాబట్టి అసలైన పోలిక ఇదే. ఒకే రకం వీఎంను 4, 8, 12, 16 ఇలా పెంచుకుంటూ, ప్రతి మెట్టులో ఒకే భారం పెట్టి, 99వ పర్సెంటైల్ లేటెన్సీ (నూటికి 99 అభ్యర్థనలు ఎంత సమయంలోపు పూర్తవుతున్నాయో చెప్పే అంకె) ఒప్పుకోదగ్గ హద్దు దాటే చోటును గుర్తించాలి. పాత వెర్షన్ 14 వీఎంల దగ్గర, కొత్తది 16 దగ్గర హద్దు దాటితే కొత్తదాని విలువ అదీ. సగటు లేటెన్సీ ఈ విషయంలో మోసం చేస్తుంది. వీసీపీయూ కోర్ కోసం ఆగిన క్షణాలు సగటులో కరిగిపోతాయి, 99వ పర్సెంటైల్‌లో బయటపడతాయి.

ఈఎస్‌ఎక్స్‌ఐలో ఈ ఎదురుచూపును ఈఎస్‌ఎక్స్‌టాప్ అనే సాధనం రెడీ శాతంగా చూపిస్తుంది. వీసీపీయూకు 5 శాతం దాటితే ఆందోళన పడాలి. వీఎంవేర్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ వీసెంటర్‌లోని రియల్ టైమ్ గ్రాఫ్ దాన్ని మిల్లీసెకన్లలో, 20 సెకన్ల వ్యవధికి ఇస్తుంది. 4 వీసీపీయూల వీఎంకు 4000 మిల్లీసెకన్లని ఉంటే, దాన్ని 20,000తో భాగిస్తే 20 శాతం, నాలుగింటికి పంచితే తలా 5 శాతం. ఆఖరి భాగహారం మర్చిపోయి 20 శాతమని బెంబేలెత్తేవాళ్లు తక్కువేమీ లేరు. లినక్స్ గెస్ట్‌లో వీఎంస్టాట్ చివర్లో వచ్చే స్టీల్ కాలమ్ కేవీఎం మీద ఇదే సంగతి చెబుతుంది. హోస్ట్ సీపీయూ శాతాన్ని మాత్రం కేవీఎంలో నమ్ముకోకూడదు: వీసీపీయూ ఆగిన వెంటనే కోర్‌ను వదలకుండా కాసేపు, డిఫాల్ట్‌గా గరిష్ఠంగా 200 మైక్రోసెకన్లు, హోస్ట్ తిరుగుతూ ఎదురుచూస్తుంది. ఆ హాల్ట్ పోలింగ్ సమయం కూడా వాడకంలాగే కనబడుతుంది.

షెడ్యూలర్ మార్పులకు ప్రధాన వెర్షన్ అంకెతో పని లేదు. ప్రాక్స్‌మాక్స్ 8.0 లినక్స్ 6.2తో వచ్చింది, 8.2 నుంచి డిఫాల్ట్ 6.8. మధ్యలో లినక్స్ 6.6లో సీఎఫ్‌ఎస్ పోయి ఈఈవీడీఎఫ్ షెడ్యూలర్ వచ్చింది. అంటే "ప్రాక్స్‌మాక్స్ 8" అనే పేరు కింద రెండు వేర్వేరు షెడ్యూలర్లున్నాయి. ఇంకోవైపు రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 అంతా కెర్నల్ 4.18 అనే పేరుతోనే నడిచినా కొత్త కెర్నళ్ల కేవీఎం మార్పులు అందులోకి వచ్చి చేరుతూనే ఉన్నాయి. ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0 అప్‌డేట్ 2లో ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్ల కాష్ అమరికకు తగినట్టు షెడ్యూలర్‌ను మార్చారు. దాని లాభం ఎపిక్ మీదే, ఇంటెల్ సర్వర్‌లో వెతికితే దొరకదు. ఫలితం రాసేటప్పుడు బిల్డ్ నంబరు, కెర్నల్ పూర్తి పేరు, ప్రాసెసర్ మోడల్ లేకపోతే ఆ ఫలితం ఎవరికీ అక్కరకు రాదు.

అంకెను నమ్మే ముందు

ఒక్కో వెర్షన్ మీద ఒక్కో రన్‌తో తీర్పు చెప్పకూడదు. పాతది, కొత్తది, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది అని మార్చిమార్చి, ఒక్కోదానికి కనీసం ఆరేడు రన్‌లు తీయాలి. ముందు పాతవన్నీ, తర్వాత కొత్తవన్నీ తీస్తే ఆ మధ్యలో గది వేడెక్కడం, ఎస్‌ఎస్‌డీ స్థితి మారడం కొత్త వెర్షన్ ఖాతాలో పడతాయి. ప్రతి రన్ ముందు హోస్ట్‌ను రీబూట్ చేసి, 10, 15 నిమిషాలు భారం మీద వేడెక్కనిచ్చి మొదలుపెట్టాలి. పాతదాని రన్‌లు 81 వేల నుంచి 86 వేల ఐఓపీఎస్ మధ్య, కొత్తదానివి 83 వేల నుంచి 87 వేల మధ్య వచ్చాయనుకుందాం. అక్కడ గెలుపు లేదు, తేడా తేలలేదని రాయాలి. మీడియన్, కనిష్ఠం, గరిష్ఠం మూడూ ఇస్తే చదివేవాళ్లు తామే నిర్ణయించుకోగలరు. కొన్ని కంపెనీల లైసెన్సులు బెంచ్‌మార్క్ ఫలితాలను బయటపెట్టడానికి షరతులు పెడతాయి కాబట్టి ప్రచురించే ముందు అది చదువుకోవాలి.

తగ్గుదల నిజమేనని తేలితే వెతికే వరస ఇలా ఉంటే పని త్వరగా తెములుతుంది. ముందు పవర్ పాలసీ, తర్వాత సీపీయూ రకం లేదా ఈవీసీ మోడ్ (వేర్వేరు తరాల ప్రాసెసర్లను వీఎంలకు ఒకేలా చూపించే వీఎంవేర్ సెట్టింగు), ఆపైన న్యూమా, క్లాక్‌సోర్స్, డిస్కు కాష్ మోడ్, క్యూల సంఖ్య, ఆ తర్వాతే డ్రైవర్. ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0లో పాత వీఎంకేలినక్స్ డ్రైవర్లకు మద్దతు పూర్తిగా తీసేశారు. అందువల్ల పాత కార్డు కొత్త నేటివ్ డ్రైవర్‌తో నడుస్తుంటే దాని క్యూ లోతు, ఆఫ్‌లోడ్ సెట్టింగులు మునుపటివేనని అనుకోవడానికి లేదు. స్టోరేజీలో డీఏవీజీ (పరికరం వైపు పట్టే సగటు సమయం) పెరిగితే తప్పు కార్డు దిగువన, కేఏవీజీ (హైపర్‌వైజర్ లోపల పట్టే సగటు సమయం) 2 మిల్లీసెకన్లు దాటితే హైపర్‌వైజర్ క్యూలో. కేవీఎంలో పెర్ఫ్ కేవీఎం స్టాట్ పెట్టి ఒక నిమిషం రికార్డు చేస్తే ఏ కారణంతో ఎన్ని ఎగ్జిట్లు జరిగాయో పట్టిక వస్తుంది. రెండు వెర్షన్ల పట్టికలు పక్కపక్కన పెడితే, పెరిగిన వరస ఏదో కంటికే కనబడుతుంది.

ఇదంతా ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే కొన్ని మెట్లు దిగి రావడానికి వీలుండదు. ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0 బూట్ డిస్కు విభజననే మార్చేస్తుంది కాబట్టి 6.x నుంచి అప్‌గ్రేడ్ చేశాక వెనక్కి రోల్‌బ్యాక్ లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. హైపర్-వీ వీఎం కాన్ఫిగరేషన్ వెర్షన్ 2016లో 8.0, 2019లో 9.0, 2022లో 10.0. ఒకసారి పెంచాక తగ్గించే ఆదేశం లేదు. వీఎంవేర్ వర్చువల్ హార్డ్‌వేర్‌ను పెంచే ముందు స్నాప్‌షాట్ ఉంటేనే తిరిగి రావచ్చు. పాత వెర్షన్ తాలూకు బేస్‌లైన్ కొలతలు, బిల్డ్ నంబర్లు, సెట్టింగుల నకలు, ఇవన్నీ హోస్ట్ ఇంకా పాత వెర్షన్‌లో ఉండగానే తీసిపెట్టుకోవాలి. అప్‌గ్రేడ్ బటన్ నొక్కాక వాటిని తెచ్చుకునే దారి, పాతదాన్ని మరో డిస్కు మీద మొదటి నుంచి కట్టుకోవడం ఒక్కటే.